ఏడూళ్ల మిరాశిలో ఏడు దొంగపేర్లు

ముత్యవ్వ నోట్లో ఏడూళ్ల చచ్చినవాళ్లు కాపురముంటారు. బతికున్నవాళ్లతో ఆమెకు ఏనాడూ పెద్దగా పొసగలేదు గాని, చచ్చినవాళ్లలో ఒక్కడి పేరు కూడా తడబడకుండా చెప్పగలదు. ఏ ఊరి ఏ ఇంటి మల్లారెడ్డికి ఎవడు తండ్రి, ఆ తండ్రికి ఎవడు తండ్రి అని పదకొండు తరాలు మెట్లు దిగినట్టు దిగిపోతుంది. ఇంత విద్య పెట్టుకుని ఆమె చేసే పని అరబ్బు దేశంలో, అల్ ఖోబర్ ఊళ్లో, అల్ అజీజియాలో, తెల్లవాళ్లుండే ఒక కాంపౌండులో బాత్రూములు కడగడం. విద్య ఒక చోట, కడుపు ఒక చోట. లోకంలో ఇదేం కొత్త గాదు.

ఆమె తండ్రి రాజేశానిది జగిత్యాల పక్కన ఊరు. వంశరాజుల ఇల్లు. కాపుల ఇళ్లకు పోయి వాళ్ల తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పడం ఆ ఇంటి వృత్తి. పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే ముందొచ్చే అమావాస్య నాడు, కాపులు చచ్చిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. ఎవరి పేరిట ఇవ్వాలో ఇచ్చేవాళ్లకే తెలియదు. తండ్రి పేరు, తాత పేరు దాటితే నోళ్లు పడిపోతాయి. అప్పుడు రాజేశం కంచు గంట ఒక్కసారి కొట్టి మొదలుపెట్టేవాడు. ఏడూళ్లు అతని మిరాశి. ఆ ఊళ్లలో ఇంకో ఇంటివాడు వచ్చి గంట కొడితే కాళ్లు విరుగుతాయి. రాజేశం తాతకు ఇరవై ఎనిమిది ఊళ్లుండేవి. నలుగురు కొడుకులు పంచుకునేసరికి రాజేశం తండ్రి వాటాకు ఏడు మిగిలాయి.

పంచుకున్న అన్నదమ్ములు ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఉండేవాళ్లు. ఆ గోడ మీద రాజేశం తండ్రికి నమ్మకం లేదు. గోడ మీద కాదు, గోడ అవతలి చెవుల మీద. తెల్లవారుజామున కొడుక్కి పాఠం చెబుతుంటే అవతలి వాళ్లు విని మిరాశి కాజేస్తారని, ఆయన ఒక ఉపాయం పన్నాడు. ఒక్కో ఊరి వరసలో ఒక్కో దొంగపేరు దూర్చాడు. పుట్టనివాణ్ణి పుట్టించి, తండ్రికీ కొడుక్కీ మధ్య ఇరికించాడు. ఇంట్లో వల్లించేటప్పుడు ఆ పేరు చెప్పాలి. కాపుల వాకిట్లో దాన్ని మింగెయ్యాలి. ఏది దొంగపేరో వారసుడికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఈ తెలివి ఆ ఒక్క ఇంటిది, ఇంకెక్కడా లేదు. ఇంత తెలివి ఇంకో ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఇప్పటికి నిలబడి ఉండేది కూడా కాదు.

రాజేశానికి కొడుకుల్లేరు. తమ్ముడు కాలంచేస్తే అతని కొడుకు లక్ష్మణ్‌ను వారసుణ్ణి చేశాడు. అరుగు మీద లక్ష్మణ్‌ను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. లక్ష్మణ్ గోడకు ఆనుకుని కునుకు తీసేవాడు. లోపల ముత్యవ్వ బీడీలు చుట్టేది. ఒక్కో బీడీకి ఒక్కో పేరు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేలోపల ఒక తరం అయిపోయేది. వెయ్యి బీడీలు చుట్టేసరికి ఏడూళ్లూ మూడుసార్లు తిరిగొచ్చేది. ఆడపిల్ల చెవులకు రాజేశం గోడ కట్టలేదు. ఆడపిల్ల విని మాత్రం ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

పదహారేళ్లకు ఆర్మూరు దిక్కు ఇచ్చారు. మొగుడు మస్కట్ పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ముత్యవ్వ ఏడవలేదు. గిన్నెలు సర్దుకుని పుట్టింటికొచ్చి మళ్లీ బీడీల చేట ముందు కూర్చుంది. ముప్పై తొమ్మిదో ఏట తాయిఫ్‌లో, దానిమ్మ తోటలున్న ఒక అరబ్బు ఇంట్లో పనికి వచ్చింది. ఆరేళ్ల తర్వాత క్లీనింగ్ కంపెనీకి మారి ఖోబర్ చేరింది. ఇప్పుడు యాభై మూడు. మోకాళ్లు అరిగాయి గాని నోరు అరగలేదు.

ఈ ఆషాఢంలో రాజేశం పోయాడు. ముత్యవ్వ ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్‌లో ఉండడంతో కంపెనీ సెలవు కాగితం ఇవ్వలేదు. ఫోన్లోనే తండ్రిని పూడ్చడం చూసింది. దినాలైన వారానికి పెద్దపటేలు ఫోన్ చేశాడు. ఏడూళ్లలోకి పెద్ద ఊరు అతనిది.

"ముత్తెవ్వా, పెత్రమాస రెండు నెలలున్నది. మీ ఇంట్ల నుంచి ఎవలన్న పేర్లు జెప్పాలె. లేకుంటె మిరాశి తెగినట్టె. మల్ల నన్ను అనొద్దు."

"లక్ష్మణ్‌ను అడగకపోయిండ్రా పటేలా?"

"అడిగిన. నాకు రావన్నడు. నీకు వస్తయట గద? మీ బాపు ఓసారి నవ్వుకుంట చెప్పిండు. ఆడిదానివైతె ఏంది, వీడియో కాల్‌ల జెప్పు. నా కొడుకులు సుత ఇప్పుడు అమాసకు వీడియోలనే దండం పెడ్తున్నరు."

యాభై మూడేళ్లలో ఆమెను ఎవరూ దేనికీ వారసురాలివని అనలేదు. సరేనంది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. పేర్లన్నీ తనకొచ్చు, ఏ పేరు మింగాలో మాత్రం తెలియదు. లేనివాడి పేరిట బియ్యమిస్తే అసలువాడు ఏడాదంతా పస్తుంటాడని రాజేశం అనేవాడు. అది ఇంటికి అరిష్టం, చెప్పిన నోటికి పురుగులు.

దొంగపేర్లు లక్ష్మణ్‌కు తెలిసే ఉంటాయి. వాడు కూడా ఈ దేశంలోనే, హఫర్ అల్ బాతిన్‌లో టైల్స్ వేసే గ్యాంగులో ఉన్నాడు. ఫోన్ చేస్తే అయిపోయేది. కానీ ముత్యవ్వకు అభిమానం అడ్డమొచ్చింది. అరుగు మీద గురక పెట్టినోడి కాళ్లు పట్టుకోవాలా? ఇవాళ రేపు అంటూ నెల గడిపేసింది.

ఆ నెలలోనే వెర్నర్ సారు గోడ మీద ఆమె కన్ను పడింది. సారు జర్మనీవాడు. నీళ్ల పైపుల ఇంజనీరు. డిసెంబరులో రిటైరై పోతాడు. ఒంటరివాడు. ముత్యవ్వ వారానికి రెండుసార్లు అతని విల్లా తుడుస్తుంది. చిన్నగదిలో గోడ నిండా ఒక కాగితం ఉండేది. పైన ఒక గడి, దాని కింద గీతలు, గీతల కింద గడులు, వాటి కింద ఇంకా గడులు. పైపుల నక్షా అనుకుని ఇన్నేళ్లూ దుమ్ము దులిపింది. ఒకరోజు ఆఫీసు అమ్మాయి ఆరిఫా ఏసీ రిపేరు కాగితం మీద సంతకానికి వచ్చింది. కడప పిల్ల. సారు ఇంగ్లీషు, ముత్యవ్వ తెలుగు, రెండూ ఆమె నోట్లో సర్దుకుంటాయి.

"ఏంక్కా, ఆ గోడ కల్ల అట్ల జూస్తాండావ్?"

"గీ గడులల్ల పైదీ, ఓటి ఇడిసి కిందిదీ ఒక్కతీరు రాసున్నయ్. ఏంది బిడ్డా అవి?"

ఆరిఫా సారును అడిగింది. ఎవరైనా ఆ గోడ గురించి అడగాలని సారు ఎన్నేళ్ల నుంచి కాచుకున్నాడో, కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్ల దేశంలో ఉన్న ఒక చిన్న ప్రభువుల వంశమట అది. ఎర్లెన్‌గ్రుండ్ వాళ్లంటారట. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ల వాడుక. అందుకే ఒక హైన్రిహ్, ఒక ఓటో, మళ్లీ హైన్రిహ్, మళ్లీ ఓటో.

"మన దగ్గర లెక్కనే," అంది ముత్యవ్వ, మహారాజులు తన దగ్గర నేర్చుకున్నట్టు.

ఆ మీదట ప్రతి వారం ఒక పాఠమైంది. సారు చెప్పేవాడు, ఆరిఫా మార్చేది, ముత్యవ్వ మాపు కర్ర మీద గడ్డం ఆనించి వినేది. మొదటి ప్రభువుకు మూడు కోటలు. ముగ్గురు కొడుకులు పంచుకున్నారు. వాళ్ల కొడుకులు మళ్లీ పంచుకున్నారు. ఒకడి వాటాకు సగం కోట, ఒక వాగు, రెండు ఊళ్లు వచ్చాయట.

"సగం కోటల పొయ్యి ఏ దిక్కు పెట్టుకున్నడో," అంది ముత్యవ్వ.

పంచుకోవడం భరించలేక చిన్న కొడుకులను చర్చికి ఇచ్చేవారట. తండ్రి చస్తే పసివాడైన కొడుకును పెదనాన్న కాపలా కాచి, కాపలా కాసినంత మేర మింగేవాడట. కూతుళ్ల గడుల్లో పేర్లే లేవు, ఒట్టి 'కూతురు' అని రాసుంది. అది చూసి ముత్యవ్వ గుడ్డతో ఆ గడుల మీద రెండుసార్లు ఎక్కువ తుడిచింది.

వంశం నిలవకపోతే నేల దిక్కులేనిది కాకూడదని పక్క ప్రభువుతో ఒడంబడిక చేసుకునేవారట, మా ఇల్లు ఆరిపోతే మీది, మీది ఆరిపోతే మాది అని. చివరి మగవాడు కొడుకుల్లేకుండా పోతే అతని డాలును విరగ్గొట్టి అతనితోపాటే పూడ్చేవారట. ఎర్లెన్‌గ్రుండ్ వాళ్లకూ అదే గతి పట్టింది. డాలు విరిగింది, కోటలు పక్కవాడికి పోయాయి.

"అయితె ఈ సారుకు వాళ్లతోటి ఏం సుట్టరికం?"

సారు ముఖం వెలిగింది. చివరివాడికి నాలుగు తరాల పైన ఒక తమ్ముడున్నాడు, ఎబర్‌హార్డ్ అని. కోటలన్నీ అన్నలకు పోతే ఇతను ఊళ్లోకి దిగిపోయాడు. అతని పిల్లలు తిరగలి వాళ్లు, కమ్మరులు, బడిపంతుళ్లు. ఆ గొలుసు చివర వెర్నర్. ఆ గీత ఒక్కటే బంగారు రంగు పెన్సిలుతో గీసి ఉంది. డాలు విరగ్గొట్టినవాళ్లకు తెలియకుండా ఒక కొమ్మ బతికే ఉందని పుస్తకం వేస్తాడట. రిటైరయ్యాక ఇంకేం పని లేదు, ఆయనకు ముందూ వెనకా ఉన్నది అదొక్కటే.

ముత్యవ్వ ఎబర్‌హార్డ్ గడి దగ్గరగా చూసింది. మిగతా గడుల నిండా చీమల్లా రాతలున్నాయి. ఈ గడిలో ఒక్క మాట.

"బిడ్డా, వీని పెండ్లామెవతి?"

"తెలీదంట."

"వీడు ఎవనితోటి కొట్లాడిండు?"

"తెలీదంటక్కా."

"ఎన్నడు సచ్చిండు? యాడ బొందవెట్టిండ్రు?"

"అదీ తెలీదంట. అడిగిందే అడుగుతావేందిక్కా?"

"అడగక? ఉన్నోడు ఉత్తగ పోడు బిడ్డా. ఆలిని దెస్తడు, అన్నతోటి లొల్లి వెట్టుకుంటడు, ఎవని గట్టో జరుపుతడు, సస్తడు. వీడు ఏం జెయ్యలె. ఒకని కింద పుట్టిండు, ఒకని మీద నిలవడ్డడు. గంతే. వీడు దొంగపేరు. ఎవడో ఇరికిచ్చిండు."

ఆరిఫా నాలుక కరుచుకుంది. "అమ్మా, ఈ మాట నేనెట్ల జెప్పేది? ఆయప్ప గుండె పగుల్తాది." కానీ చెప్పింది. సారు పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, గోడ దగ్గరికి వెళ్లి ఎబర్‌హార్డ్ గడిని మళ్లీ చదివాడు.

ఇంటికి వెళ్లే బస్సులో ముత్యవ్వకు తన నోరు తనకే తగిలింది. ఊరోళ్ల దొంగపేరు పట్టింది, ఇంట్లో ఏడున్నాయి. ఆ శుక్రవారం అభిమానాన్ని చుట్టి చంకలో పెట్టుకుని లక్ష్మణ్‌కు ఫోన్ చేసింది.

"ఏందక్కా, సూర్యుడు ఎటు పొడిసిండు?"

"పొడిసిన కాడ్నే పొడిసిండు. బాపు దొంగపేర్లు ఏడు జెప్పు. రాసుకుంట."

లక్ష్మణ్ వెనకాల ఎవరో హిందీలో పప్పు మాడిందని అరుస్తున్నారు.

"నాకు జెప్పుమంటవేందక్కా? నీకు జెప్పిండు గద."

"నాకెవడు జెప్పిండు? వారసునివి నువ్వు!"

"పెద్దబాపు నన్ను ఊళ్లెకు తోలుకపోయెటోడు గని, పేర్లు జెప్పేటప్పుడు బయట బర్రెల కాడ నిలవెట్టెటోడు. నీకు నిద్రెక్కువ, నోరెక్కువ అని. పోయినేడు ఫోన్ల అడిగిన. 'ముత్తెవ్వకు ఎర్కేరా, అవసరం వడ్డప్పుడు అడుగు' అన్నడు. నీ తోడు."

ముత్యవ్వ గోడకు ఆనుకుంది. పోయినేడు ఆమె కూడా అడిగింది. "లక్ష్మణ్‌కు ఎర్కే బిడ్డా, నీకెందుకు?" అన్నాడు తండ్రి. ఒకరికి తెలుసని ఇంకొకరికి చెప్పి, ఇద్దరికీ చెప్పకుండా పోయాడు. గోడ అవతలివాళ్లను నమ్మనివాడు గోడ ఇవతలివాళ్లను మాత్రం ఎందుకు నమ్ముతాడు?

"అక్కా, ఉన్నవా?"

"ఉన్న. ముసలోడు మంచి తెలివిగల్లోడు."

"పోనీ అన్ని జెప్పెయ్ అక్కా. ఊరికి ఒక్క పేరేనాయె. ఎవలు జూసొచ్చిండ్రు?"

"నువ్వు టైల్స్ ఏసుకో," అని ఫోన్ పెట్టేసింది.

పెత్రమాసకు పదహారు రోజులుండగా సారు గోడ ఖాళీగా కనిపించింది. కాగితం చుట్టచుట్టి మూలన నిలబెట్టి ఉంది. నాలుగు మేకు కన్నాలు, పలక ఆకారంలో ఒక తెల్లటి మచ్చ మిగిలాయి. సారు ఆరిఫాను పిలిపించి కూర్చోబెట్టాడు. వాళ్ల దేశంలో పాత కాగితాలు దాచే కచేరీకి రాశాడట. జవాబు వచ్చింది. ఎబర్‌హార్డ్ అనేవాడు ఆ కాలపు కాగితం ఒక్కదాంట్లోనూ లేడు. మూడు వందల ఏళ్ల తర్వాత ఒక షావుకారు తాను గొప్ప ఇంటివాణ్ణని చూపించుకోవడానికి ఒక రాయసగాడి చేత రాయించిన కాగితంలో మొదటిసారి పుట్టాడు.

ముత్యవ్వకు గెలిచినట్టు అనిపించలేదు. ముసలాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సారుకు జెప్పు బిడ్డా, తిరగలోళ్లు సుత మంచోళ్లేనని."

ఆరిఫా చెప్పింది. సారు తలూపి, ముత్యవ్వ సంగతి అడిగాడు. ఆమె దొంగపేర్ల గోల ఆరిఫా ఎప్పుడో చెప్పేసినట్టుంది.

"సారు ఏమంటాండాడంటే, నీకు మీ నాయనతో పనిల్యాకపాయె. నా గోడ మీద ఏ ఉపాయం జేసినావో, అదే నీ పేర్ల మీద జెయ్యి అంటాండాడు. దొంగోళ్లు దొరకరా?"

ముత్యవ్వ మొహంలో రెండు నెలల తర్వాత నెత్తురు కనబడింది. అవును కదా! పట్టడం చేతైనదానికి ఒకరు చెప్పాలా?

మర్నాడు లాండ్రీ గదిలో ఈతకొలను తువాళ్లు మడతపెడుతూ మొదలుపెట్టింది. తువాలుకొక పేరు. పెద్దపటేలు ఊరు, యాభై ఎనిమిది పేర్లు. పెండ్లామున్నవాడు, కొట్లాడినవాడు, గుర్తున్నవాడు కుడివైపు. ఏమీ లేనివాడు ఎడమవైపు. అచ్చిరెడ్డి బావి తవ్వి అందులోనే పడి చచ్చాడు, కుడి. భూంరెడ్డి తమ్ముడి మీద కత్తి దూశాడు, కుడి. ఎంకరెడ్డి. ఎంకరెడ్డి ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఎడమ. నర్సారెడ్డి, ఎడమ. రాజిరెడ్డి, ఎడమ. ఇంకో రాజిరెడ్డి, ఎడమ.

గంట గడిచేసరికి కుడివైపు పదిహేడు తువాళ్లు, ఎడమవైపు నలభై ఒకటి. వెతుకుతున్నది ఒక్కణ్ణి.

అప్పుడర్థమైంది. కోటలున్నవాళ్లు కాగితాలు వదిలిపోతారు. కాపులు నాగలి పట్టుకుని వానకు చూశారు, పండితే తిన్నారు, ఎండితే పస్తున్నారు, పోయారు. వాళ్ల పెండ్లాల పేర్లు చెప్పడం రాజేశం ఇంటి విద్యలోనే లేదు. నిజంగా బతికినవాళ్లలో మూడొంతుల మంది దొంగపేర్లలాగే బతికారు. ఆ లెక్కన నేల లేక, మొగుడు లేక, కడుపు పండక, పదిహేనేళ్లుగా పరదేశంలో నేల తుడిచే రాజేశం బిడ్డ ముత్యవ్వ కూడా ఎడమవైపుకే పోతుంది. రేపెవరైనా వరస చెబితే ఆమె గడిలో 'కూతురు' అని కూడా ఉండదు.

తువాళ్ల కట్ట రెండు చేతులతో ఎత్తి కుడిఎడమలు కలిపేసి బుట్టలో కుక్కింది.

మిగిలిన రోజులు ఎటు పోయాయో తెలియదు. పెత్రమాస పొద్దున ఊళ్లో తొమ్మిదింటికి, ఇక్కడ ఆరున్నరకు, ఫోన్ మోగింది. ముత్యవ్వ స్నానం చేసి, ట్రంకులోంచి చీర తీసి కట్టుకుని, లాండ్రీ గదిలో ఇస్త్రీ బల్ల మీద ఫోన్ నిలబెట్టుకుని ఉంది. తెరలో పెద్దపటేలు వాకిలి, చాటల నిండా బియ్యం, వాటి మీద చిక్కుడుకాయలు, గుమ్మడి ముక్కలు. లక్ష్మణ్ తల్లి పోశమ్మ పక్కన రాజేశం గంట పట్టుకుని నిలబడింది.

"జెప్పు బిడ్డా, వింటున్నం," అన్నాడు పటేలు.

ముత్యవ్వ గొంతు సవరించుకుంది. మొదటి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. దాని వెనక యాభై ఏడు పేర్లు తోసుకుంటూ నిలబడ్డాయి, అందులో ఒకడు దొంగ. చెప్పేస్తే ఎవడికీ తెలియదు. లక్ష్మణ్ అన్నది నిజమే. కానీ తనకు తెలుస్తుంది. పటేలు ముత్తాతల్లో ఒకణ్ణి తన నోటితో పస్తుంచినట్టు తనకు తెలుస్తుంది.

"నాకు రావు పటేలా."

బతుకులో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

"అదేంది? వస్తయంటివి గద?"

"అంటి. రావు."

పటేలు మొహం మీద కోపం కూడా రాలేదు. "సరె తియ్. ఎర్కున్నోళ్లకు, ఎర్క లేనోళ్లకు అని అందరికి కలిపి పోస్తం. ఊళ్లె శానమంది గట్లనే జేస్తున్నరు." చాటలు కదిలాయి. అంత తేలిగ్గా అయిపోయింది. పదకొండు తరాలు పదకొండు క్షణాలు కూడా ఆగలేదు.

"గీ గంట ఏం జెయ్యాలె ముత్తెవ్వా?" పోశమ్మ అడిగింది. "ఇంట్ల ఉంటె పిల్లలు ఆడుతున్నరు."

ముత్యవ్వకు సారు చెప్పిన డాలు మతికొచ్చింది.

"పలగ్గొట్టి బాపు పక్కన పూడ్సు చిన్నమ్మా."

ఫోన్ పెట్టేసి చీర విప్పి మడిచి, యూనిఫారం తొడుక్కుంది. ఆ రోజు సారు విల్లా వంతు. చిన్నగదిలో గోడ మీది తెల్లమచ్చను తుడిచింది. మచ్చ పోలేదు, చుట్టూ ఉన్న మురికి కాస్త పోయింది. పుస్తకాలు డబ్బాల్లో సర్దుకుంటున్న సారు ఆమెను చూశాడు. ఏమైందని చేత్తో అడిగాడు. ముత్యవ్వ తల అడ్డంగా ఊపింది. ఆ ముక్కకు ఆరిఫా అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం పోశమ్మ మళ్లీ ఫోన్ చేసింది. రొప్పుతోంది.

"కంచుదాయె బిడ్డా, గొడ్డలితోని కొట్టినా పలుగుతలేదు. కొట్టినకొద్ది మోగుతున్నది. పక్కింటోళ్లు ఏం లొల్లని అడుగుతుండ్రు."

పక్కింటివాళ్లు. గోడ అవతలివాళ్లు. అరవై ఏళ్లుగా చెవులొగ్గి, చివరికి వాళ్లు విన్నది ఇది.

"కొట్టకు," అంది ముత్యవ్వ. "కడుపు నిండ మట్టి గూరి, బోర్లేసి పూడ్సు."

అని బకెట్ ఎత్తుకుని పక్క విల్లాకు నడిచింది.